రెండు టీములూ టైగర్సే

ఈ రోజు భద్రాచలంలో ఆడపిల్లల కబడ్డీ ఫైనల్‌కు కామెంటరీ చెప్పమని నా చేతికి మైకిచ్చారు. ఆడేది పెనుబల్లి టైగర్స్, ఇల్లందు టైగర్స్. ఇద్దరివీ పసుపు జెర్సీలే, ఇద్దరి వీపు మీదా నోరు తెరిచిన పులే. ఐదు నిమిషాల్లోనే ఎవరెవరో నాకు అర్థం కాకుండా పోయింది.

చివరి కూతకు స్కోరు సమానం. కూతకు వెళ్లిన అమ్మాయిని మధ్యగీత దగ్గర నలుగురు పట్టేశారు. అంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. చేయి గీత దాటిందో లేదో అంపైర్‌కు కనిపించలేదు. నేను మాత్రం ఆవేశంలో "టైగర్స్ గెలిచారు!" అని మైకులో అరిచేశాను. రెండు టీములూ ఎగిరి గంతులేశాయి.

ముందు వరుసలోని ఒక తల్లి లేచి నా దగ్గరికి వచ్చింది.

"సారూ, మా బిడ్డ గెలిచిందా, ఓడిందా? ఏంది గిట్ల, ఇద్దరూ ఎగురుతున్నరు?"

అప్పుడు ఇల్లందు కెప్టెన్ జ్యోతి మోకాలి మట్టి దులుపుకుంటూ వచ్చింది.

"మేమే ఓడినం సార్. నేను పట్టుకునేలోపే ఆమె చెయ్యి గీత దాటింది."

మైదానమంతా చప్పట్లు.

కప్పు ఇచ్చాక, ఒక్కరైనా పేరు మార్చుకోండమ్మా అన్నాను. జ్యోతి వెంటనే, "మ్యాచ్ ఇచ్చినం గానీ పులినియ్యం సార్!" అంది. పెనుబల్లి వాళ్లూ ఒప్పుకోలేదు.

వచ్చే ఏడాదీ మైకు నాకేనట. ఎవరిని ఏమని పిలవాలో మీరే చెప్పండి.