నేల మీద తిరిగిన బ్యాటరీ

మా చిన్నవాడు కెమెరా బ్యాటరీని వరండా గచ్చు మీద పెట్టి వేలితో తోశాడు. అది గిరగిరా తిరిగింది. వాళ్ళక్క చప్పట్లు కొట్టింది. నాకు భయం పుట్టింది సరిగ్గా అప్పుడే. పలకలా చదునుగా ఉండాల్సిన వస్తువు అలా తిరగకూడదు.

“అమ్మా, సూడు! ఎంతసేపు తిరుగుతాదో!”

చేతిలోకి తీసుకున్నాను. అడుగున పొట్టలా ఉబ్బి ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది. ఎక్కడిదని అడిగితే, “మా మంచం కాడ ఛార్జర్‌లోంచి తీసినాను” అన్నాడు.

మా బావకి, అంటే నా భర్తకి, చీపురుపల్లిలో ఫోటో స్టూడియో. కెమెరాతో పాటు వచ్చిన బ్యాటరీ మొదట్లో పెళ్ళి మొత్తం లాగేది. ఇంటికొచ్చాక పిల్లలు కెమెరా స్క్రీన్ దగ్గర చేరి పెళ్ళికూతుర్ని చూసుకోవడానికి కూడా కొంచెం మిగిలేది. పాతబడ్డాక భోజనాల వేళకే ఎర్రగీత చూపించేది. అందుకే విజయనగరంలో ఒక డూప్లికేట్ కొన్నాడు. తుఫానుకి కరెంటు స్తంభాలు పడిపోయిన రోజుల్లో ఛార్జింగ్ లేక ఒక పెళ్ళి చెయ్యి జారిపోయింది. అప్పటి నుంచి బావది ఒకటే మాట, కరెంటు ఉన్నప్పుడే ఎక్కించుకోవాలని. నిండినా సరే, ఆ డూప్లికేట్‌ని ఛార్జర్‌లోంచి తీసేవాడు కాదు. ఇన్వర్టర్ కలిపిన ప్లగ్గు పిల్లల గదిలో, వాళ్ళ తలల దగ్గర ఉంది. ముందు రాత్రి చిన్నవాడి చెయ్యి ఆ వైరు మీదే పడి ఉంటే నేనే తీసి దుప్పటి కప్పాను.

బావ వచ్చాక అన్నం వడ్డించి, కంచం పక్కనే బ్యాటరీ పెట్టాను.

“ఏటే, ఈ పూట కూర ఇదేనా?”

“తిప్పి సూడు బావా.”

తిప్పాడు. అది తిరిగింది. నవ్వాడు.

“కొంచెం ఉబ్బినాది. కెమెరాలో దూరతాది.”

“దూరితే మరి బయటికి రాదు. పేలితే?”

“ఇన్నాళ్ళూ పేలినాదేటి? ఒసే, రేపు నెల్లిమర్లలో పెళ్ళి. ముస్తాబు కాడ్నుంచి అప్పగింతల దాకా ఆ ముసలి బ్యాటరీ ఒక్కదాంతో ఎలాగవుతాది? మధ్యలో ఆగిపోతే పెళ్ళికూతురికి బదులు నేను ఏడవాల. ఈ సీజన్ వెళ్ళనీ, కొత్తది కొందాం.”

“అంతవరకూ పిల్లలు ఎక్కడ పడుకోవాల?”

“నీకు అన్నిటికీ భయమే. పిల్లడు తుమ్మితే టైఫాయిడ్ అంటావు.”

అది నిజమే. ఇది రాస్తున్న ఈ రాత్రి కూడా మధ్యలో లేచి ప్లగ్గులన్నీ చూసొచ్చాను. కానీ ఆ పూట, ఆ మొదటి క్షణం దాటాక, నాలో భయం కూడా లేదు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఎవరింట్లోనో పని చేస్తున్నట్టు లేచాను. బాత్‌రూమ్ కట్టినప్పుడు మిగిలిన ఇసుక పెరట్లో రంగు బకెట్‌లో ఉంది. బ్యాటరీని అందులో లోపలికంటా కప్పెట్టాను. చేతులు కడుక్కుని వచ్చి మజ్జిగ పోశాను.

బావ ఆపలేదు. చెయ్యి కడుక్కుని, పాత బ్యాటరీ రేకులు చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు.

“స్క్రీన్ ఆపేసి తీస్తాన్లే” అన్నాడు. “తీసింది వెనక్కి సూసుకోకపోతే అప్పగింతల దాకా రావచ్చు.”

తీసిన ఫోటో సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోకుండా బావ ఏనాడూ పెళ్ళి తీయలేదు. ముహూర్తం మళ్ళీ రాదు కదా. ఆ మాట నాకూ తెలుసు. ఛార్జర్ సంచిలో వేసుకుని, స్టూడియోలో ఎక్కిస్తానని వెళ్ళిపోయాడు. నేను పిల్లలిద్దరి మధ్య పడుకుని ఖాళీ ప్లగ్గు వైపు చూస్తూ ఉండిపోయాను.

పిల్లలు లేచేసరికి బావ నెల్లిమర్ల వెళ్ళిపోయాడు. చిన్నవాడు కళ్ళు నులుముకుంటూ వచ్చి బొంగరం ఏదని అడిగాడు. అక్క వాడి వెనకాలే నిలబడింది.

“ఇసకలో పెట్టాను. ఆ బకెట్ జోలికి ఎల్లకండి” అన్నాను. “రాత్రి నాన్న వచ్చాక ఫోటోలు సూపించమని అడక్కండి. ఈరోజు నాన్న కూడా సూసుకోకుండానే తీస్తాడు.”