నల్లపట్టీ వేసిన ఆ ఫోటో తీసేయండి

చదవని కాగితం కింద మీరెప్పుడైనా వేలిముద్ర వేశారా? ఎవరి మాట నమ్మి వేశారు?

సుగుణమ్మక్క నా మాట నమ్మి వేసింది.

నిన్న పొద్దున నేను వాక్యం చెప్పే మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూప్ తెరిచాను. "సుగుణమ్మక్క ప్రభువునందు నిద్రించింది" అని మెసేజ్. కింద ఫోటో.

కళ్ల మీద నల్లపట్టీ వేసిన ఫోటో.

పోయిందన్న వార్త ఒక దెబ్బ. ఆ ఫోటో ఇంకో దెబ్బ. అప్పటి నుంచి ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను.

దాని సంగతి నేనే చెప్పాలి. దాచుకుంటే ఇక నా నోట వాక్యం పలకదు.

అక్క బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు బండలు మోసింది. ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తోందో పరిశోధన చేస్తామని రెండేళ్ల కిందట ఒక టీమ్ వచ్చింది. మంచి పనే. "మీవాళ్లకు మీరే చెప్పండి బ్రదర్" అన్నారు. నేను పొంగిపోయాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, వాళ్లిచ్చిన ఒప్పుదల కాగితాలు పంచి గట్టిగా అడిగాను. "ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి!"

ప్రభువును నమ్ముకున్నామని రక్షణ కోసం ఎత్తినట్టే ఎత్తారు. మా దగ్గర బోధకుడు ఎత్తమంటే చెయ్యి దానంతట అదే లేస్తుంది. అది తెలిసే అడిగాను.

అక్క ఒక్కతే ఎత్తలేదు.

"ఏమక్కా, చెయ్యి నొప్పి పెడ్తాందా?" అన్నాను. అందరూ నవ్వారు.

"దేవుని పనికైతే రెండూ ఎత్తుతా బ్రదరూ. ఈ కాయితంలో ఏముండాదో చదివి చెప్పు."

కాగితం ఇంగ్లీషులో ఉంది. నాకు రాదు. ఆ మాట చెప్పడానికి నామోషీ.

"అనుమానం సాతానుది!" అని గద్దించాను.

అక్క నా ముఖం చూసింది. "సరేలేప్పా, అందరి ముందర నీ మాట కింద పడితే నాకు బాగుండదు" అని వేలు చాచింది.

తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి వెళ్లాడని ఎన్ని సువార్త కూటాల్లో అరిచానో! ఆరోజు నిలబడి అడిగిన ఆ ఒక్కదాన్నే నేను మందలోకి తోశాను.

పోయినేడు ఆ పరిశోధన ఇంటర్నెట్‌లో అచ్చయింది. అందులో అక్క దగ్గుతున్న ఫోటో, నిన్న గ్రూపులో వచ్చింది అదే. కళ్లకు పట్టీ వేశారు. నోటికి అడ్డం పెట్టుకున్న ఎడమచెయ్యి మాత్రం క్లియర్‌గా ఉంది. రాళ్లు కోసే మిషన్‌లో చిటికెనవేలు పోయిన చెయ్యి. ఆ చెయ్యి ఎరగనివాళ్లు ఈ ఊళ్లో ఎవరు?

ఓనరూ పోల్చుకున్నాడు. "జబ్బు మనిషివి, ఇంటికాడ ఉండుపో" అన్నాడు. పని పోయింది.

అక్క నన్ను తిట్టలేదు. "నా దగ్గు రాసుకోమను బ్రదరూ, పదిమందికి మేలు. నన్ను ఏంటికి చూపించినారు? కండ్లకు గంతలు కట్టి చెయ్యి మర్సిపోయినారే! తీసేయమని జాబు రాయప్పా" అంది.

రాస్తానన్నాను. నందికొట్కూరులో కూటాలు, రాయచోటిలో కూటాలు. జాబు సగంలో ఆగింది.

కనబడినప్పుడల్లా అడిగేది. "పోయిందా జాబు?"

"ప్రార్థనలో పెట్టినానక్కా."

"ప్రార్థన పోస్టులో పోదు గదప్పా!" అని నవ్వేది. ఆ నవ్వు దగ్గయిపోయేది.

ఇవాళ పొద్దున స్కూల్ టీచర్ సిస్టర్‌ను కూర్చోబెట్టి జాబు పూర్తి చేయించాను. అక్క కూతురికి మొత్తం చదివి వినిపించాకే సంతకం తీసుకున్నాం. పంపాం. అక్క ఉండగా వెళ్లాల్సిన జాబు.

ఆ టీమ్ ఇంకొంతమంది ఒప్పుదల అడగడానికి రేపు మళ్లీ వస్తోంది. రేపే మధ్యాహ్నం రెండింటికి అక్క సమాధి కార్యక్రమం. అటు నుంచి అటే చర్చి వరండాకు రండి. వాళ్ల కాగితం టీచర్ తెలుగులో చెబుతుంది. ఎవరూ చేతులెత్తొద్దు. ఒక్కొక్కరు విడిగా వచ్చి, అవునో కాదో మీ నోటితో చెప్పండి. కాదన్నవాళ్లను గద్దించే నోరు నాకిక లేదు.

ఈ పోస్టుకు ఫోటో పెట్టలేదు. అడుగుదామంటే అక్క లేదు.

పోయి రా సుగుణమ్మక్కా. దుమ్ము లేని చోట నిండా ఊపిరి పీల్చుకో. ప్రభువు నీకు నెమ్మదినిచ్చును గాక.

స్టేటస్‌లో, గ్రూపుల్లో నల్లపట్టీ ఫోటో పెట్టినవాళ్లారా, డిలీట్ చేయండి. రేపు చేద్దామనుకోకండి, నేను అట్లే అనుకున్నాను. ఇవాళే. ఈ పోస్టు మూసేలోపే.