మహీధర్ గారి దర్బారు ఫొటో

మా మహీధర్ గారి చేతికి కెమెరా ఇచ్చారా, ఇక మీరు మీరు కారు. ఐదొందల ఏళ్ల కిందటి యూరప్ రాజదర్బారులో ఎవరో ఒకరైపోతారు. ఆయన పగలంతా ఇక్కడ ఐర్లండ్‌లో, షానన్ ఊళ్లో సాఫ్ట్‌వేర్ రాస్తారు. మిగతా టైమంతా ఆస్థాన చిత్రకారుల గురించి చదువుతారు. ఆ చదువు కసి ఇక్కడి మా తెలుగువాళ్ల గ్రూప్ ఫొటోల మీద తీర్చుకుంటారు.

ఉగాదికి మా ఆవిణ్ణి మహారాణిని చేసి కుర్చీలో కూర్చోబెట్టారు. నన్ను ఆవిడ కాళ్ల దగ్గర చతికిలబడమన్నారు.

"ఇంతకీ నేనెవర్నండీ?"

"కుక్క. దర్బారు బొమ్మలో కుక్క లేకపోతే నిండుతనం రాదు."

మా ఆవిడ ఆ ఫొటోకి ఫ్రేము కట్టించింది.

ఈ సర్దుడుకి అరగంట. ఈలోగా బిర్యానీ చల్లారుతుంది. "ఆకాష్, నువ్వు విదూషకుడివి, కాస్త వంగు నాన్నా" అంటే మా అబ్బాయి ఇక్కడే బాగున్నానని ఐరిష్ ఫక్కీలో "ఐయామ్ గ్రాండ్ హియర్, అంకుల్" అని కర్రలా నిలబడతాడు.

మొన్న మా గ్రూపులోవాళ్ల అమ్మాయి శ్రావ్య ఓణీల ఫంక్షన్ జరిగింది. వాళ్లమ్మ సత్యవాణికి ఏడాది కిందట ముఖానికి ఎడమవైపు పక్షవాతం వచ్చింది. మనిషి కోలుకుంది గానీ నోరు ఆ పక్కన కాస్త జారిపోయింది. అప్పట్నుంచి ఒక్క ఫొటోకీ నిలబడలేదు. ఆ రోజూ హాలు వెనక వంటగదిలో దూరింది.

"మామ్, ప్లీజ్! జస్ట్ వన్!" శ్రావ్య కళ్లలో నీళ్లు.

"మీరు తీసుకోండమ్మా. నాకు ప్లేట్లు సర్దే పనుంది."

మహీధర్ గారు గొంతు సవరించుకున్నారు. "ఇవాళ ఇటలీ పద్ధతి! నలభై మందీ తలుపు వైపు తిరగండి. కెమెరాని చూసినవాళ్లకి బిర్యానీ లేదు. సత్యవాణి గారూ, నడుమ రాజమాత చోటు ఖాళీగా ఉంది, రండి."

"ఈయనకి పిచ్చి ముదిరింది," అన్నాను పైకే. ఆకలి మరి.

సత్యవాణి వంటగదిలోంచి తొంగి చూసింది. "అందరూ పక్కకేనా?"

"అందరూ!"

తిరిగిన తలలన్నీ ఒకసారి చూసుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి పక్కన నిలబడింది.

ఫొటోలో మేమందరం బిర్యానీ వ్యాను కోసం ఎదురుచూస్తున్నట్టున్నాం. నడుమ సత్యవాణి మాత్రం, కుడి చెంప ఒక్కటే కనపడుతూ, హాయిగా నవ్వుతోంది.

కారు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. "ఏమిటండీ ఆ ఇటలీ పద్ధతి?"

"పూర్వం అక్కడ ఒక డ్యూక్‌కి కుడి కన్ను పోయింది. చిత్రకారుడు ఆయన్ని ఎడమ పక్క నుంచే వేశాడు. అంతే."

"ఆవిణ్ణొక్కదాన్నీ తిప్పితే సరిపోయేదిగా! మా మెడలెందుకు విరిచారు?"

"ఒక్కదాన్నే తిప్పితే, అందరి కళ్లూ ఆ ఎడమ చెంప మీదే పడవూ?"

ఇందాక పిచ్చి ముదిరిందన్న మాటకి నాకే సిగ్గేసింది.

మర్నాడు మా వాట్సాప్ గ్రూపులో సత్యవాణి మెసేజ్: "మహీధర్ గారూ, వచ్చే ఉగాదికి మహారాణి నేనే."

పదవి పోయిందని మా ఆవిడ మూతి ముడుచుకుంది. నేను మాత్రం, రాణి ఎవరైనా సరే, ఈసారి అడక్కుండానే కుక్కగా కూర్చుంటానని జవాబు పెట్టాను.