భక్తుడి పెండ్లాం సంగతి అడిగిన అత్త

మా మేనత్త పోయిందని భోకర్ నుంచి మనిషి వచ్చి చెప్పినప్పుడు నేను బడిలో పాఠం చెబుతున్నాను. ఏడుపు రాలేదు. మొన్ననే నాతో పోట్లాడిన మనిషి చెప్పాపెట్టకుండా ఎట్లా పోతుందని కోపం వచ్చింది. ఆమెమీద నాకెప్పుడూ కోపమే.

పంతొమ్మిది వందల అరవైల్లో ఆమె నాందేడ్‌లో మా ఇంట్లోనే ఉండేది. మామ తమాషా అనే మరాఠీ ఆటపాటల మేళంలో ఆడే ఒకామె వెంట వెళ్లిపోయి అప్పటికి ఐదేళ్లు. ఒక ఆదివారం మధ్యాహ్నం రైల్వే క్వార్టర్లలోని తమిళులు అక్కడి హాల్లో తమ పాత భక్తి సినిమా ఒకటి తెరకట్టి వేశారు. పక్కింటి తమిళావిడ పిలిస్తే ఇద్దరం వెళ్లాం. ఆవిడ హిందీలో చెప్పిన కథను నేను అత్తకు తెలుగులో చెప్పాలి. ఇల్లాలిని వదిలి నాట్యగత్తె చుట్టూ తిరిగినవాడికి చివరికి కళ్లు తెరుచుకున్నాయి. దేవుడి ముందు నిలబడి పాడుతున్నాడు. హాలంతా చేతులు జోడించింది.

"మరి పెండ్లాం ఏడున్నదే?" అంది అత్త, అందరికీ వినబడేలా.

"అయిపోయిందత్తా, లే."

"గట్లెట్ల అయిపోతది? ఆమె తిన్నదా, పన్నదా ఎవ్వరడగరా? నీ దోస్తునడుగు!"

అడిగాను. తమిళావిడ నవ్వేసి చెప్పులు వెతుక్కుంది. ఇంటిదాకా అదే ప్రశ్న. నెల్లాళ్లు అదే ప్రశ్న. విసిగిపోయాను.

రెండేళ్లకు మామ భోకర్‌లోని తన ఇంటికి తిరిగొచ్చాడు, మెడలో తులసిమాలతో, చేతిలో భజన తాళాలతో. ఊరు మహారాజ్ అంటూ కాళ్లు మొక్కింది. అత్తను నేనే తీసుకెళ్లాను. ఆమె గడప దాటలేదు.

"మహారాజ్, దేవునికి చెప్పుకున్నరు. నాకేం చెప్తరు?"

మామ అభంగం ఎత్తుకున్నాడు.

"పాట కాదు, మాట చెప్పుండ్రి."

ఊరు ఆమెనే తప్పుపట్టింది. "పరువు తీస్తున్నవత్తా, లోపలికి పో" అని నేనూ అరిచాను. వినలేదు. పొరుగింట్లో పడుకోవడం, తెల్లారగానే వచ్చి వాకిట్లో కూర్చోవడం. మూడో రోజు మామ తాళాలు పక్కనపెట్టి వచ్చి ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు.

"తప్పు నాదే. నేను లేనప్పుడు ఎట్ల బతికినవ్?"

పొద్దు వాలేదాకా ఆమె చెబుతూనే ఉంది. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. తర్వాత అత్త లేచి లోపలికెళ్లి పొయ్యి రాజేసింది.

ఇప్పుడు నేను ఏ భక్తుడి కథనూ హాయిగా వినలేను. మధ్యలో ఆమె గొంతు అడ్డుపడుతుంది. పిల్లలకు కథ చెబుతున్నా, ఇంట్లో మిగిలిన వాళ్లేమయ్యారో చెప్పందే ముగించలేను. అది నేర్పినందుకు ఆమెకు ఒక్కసారైనా దండం పెట్టలేదు.

అత్త పోయిన పదో రోజున, మామ భజన మొదలుపెడతాడని జనం ముందుగదిలో ఎదురుచూస్తున్నారు. ఆయన పెరట్లో గొంతుకూర్చుని, పంచె తడిసిపోతున్నా పట్టించుకోకుండా, బూడిదతో ఒక్కొక్క గిన్నె తోముతున్నాడు.