ఆయన లేరండీ

మొన్న ఆదివారం పిన్నిని చూద్దామని రెడ్డిగూడెం వెళ్ళాను. ఇద్దరం వసారాలో కూర్చుని కాఫీ తాగుతుంటే, ఓట్ల జాబితా సవరణ అంటూ సచివాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో ఫోను, మొహం నిండా చెమట. ఆ అమ్మాయిని చూడగానే పిన్ని గ్లాసు అక్కడే పెట్టేసి, "నువ్వే చెప్పరా నాయనా, వాళ్ళతో నేను మాట్లాడను" అంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి జాబితాలో మా బాబాయి పేరు దగ్గర పెన్ను పెట్టి, "ఈయన ఉన్నారా అండీ?" అంది. ముప్పయ్యేళ్ళుగా నూజివీడు కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నవాణ్ణి. అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పవయ్యా అని సాక్షుల్ని గదమాయించడమే నా బతుకుతెరువు. అలాంటివాణ్ణి, ఆ చిన్నపిల్ల అడిగినదానికి జవాబు పక్కనపెట్టి కూర్చోమ్మా అని కుర్చీ చూపించాను.

మా బాబాయికి నాలుగెకరాల మామిడితోట, దానికి తగ్గ పొగరూ ఉండేవి. బంగినపల్లిని ఆయన కాయల్లో ఆఫీసరు అనేవాడు. చూపుకి దర్జా, కోస్తే కండ, అంతే. ప్రాణానికి హాయి కావాలంటే చిన్నరసమే తినాలి, అదీ పిసుక్కుని జుర్రుకునే తినాలి. నేను లా చదువు ముగించుకొచ్చిన వేసవిలో, బుద్ధి గడ్డి తిని, చాకుతో రసం కోయబోయాను. "పట్నంలో నేర్చుకొచ్చింది ఇదేంట్రా వెధవా!" అని చేతిలోంచి చాకు లాగేసుకున్నాడు. వాళ్ళకి పిల్లల్లేరు. తిట్లూ పళ్ళూ అన్నీ నాకే దక్కేవి. పోలింగు రోజంటే మాత్రం ఆయనకి పండగే. తలంటుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని, ఏడు కొట్టకముందే బడి దగ్గర వరసలో మొదటివాడై నిలబడేవాడు. ఎవరికి వేశావు బాబాయ్ అంటే, "మీ పిన్నికే చెప్పను, నీకు చెప్తానా?" అనేవాడు.

అలాంటి మనిషి మీద హత్యానేరం పడింది. పక్కతోట ఆయనతో గట్టు మీది చెట్టు కాయల గురించి పాత తగాదా. ఒక కోత రోజున మాటా మాటా పెరిగింది. బాబాయి చేతిలో చిక్కం కర్ర ఉంది. కాయ కింద పడకుండా కోయడానికి చివర వల కట్టిన వెదురు గడ. ఒక్కటే దెబ్బ, కణత పక్కన తగిలింది. ఆ మనిషి మూడోరోజు ఆసుపత్రిలో చనిపోయాడు. నేను నెత్తీ నోరూ బాదుకున్నా వినకుండా, కోర్టులో బాబాయి ఒక్కటే మాట చెప్పాడు. చంపాలని కొట్టలేదు, కొట్టలేదని మాత్రం అనను. ఉద్దేశం లేని హత్య కింద ఏడేళ్ళు పడింది. రాజమండ్రి సెంట్రల్ జైలుకి పంపారు.

మొదటి ఏడాదిలోనే ఎన్నికలొచ్చాయి. ములాఖత్తుకి వెళితే, తిండి గురించీ తోట గురించీ అడక్కుండా, "ఇక్కడివాళ్ళకి పెట్టె ఎక్కడ పెడతార్రా?" అన్నాడు. ఏ పెట్టె బాబాయ్ అన్నాను. ఓట్ల పెట్టె! నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. జైల్లో ఉన్నవాడికి ఓటు లేదు. శిక్ష పడినవాడికే కాదు, బెయిలుకి పూచీ పడే నాథుడు లేక లోపల పడున్నవాడికీ లేదు. అదే శిక్ష పడినా, అప్పీలు వేసుకుని బెయిలు మీద బయట తిరిగేవాడు చొక్కా మడత నలగకుండా వెళ్ళి వేసి రావచ్చు. ఇదెక్కడి న్యాయమని సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవాళ్ళున్నారు. ఆ సెక్షన్ సబబే అని కోర్టు చెప్పింది. ఇదంతా వివరించి, "బయటికొచ్చిన రోజున నీ ఓటు నీదే బాబాయ్. జైల్లో ఉన్నావని నీ పేరు తియ్యకూడదని చట్టమే చెప్తోంది" అని లాయరు గొంతుతో హామీ ఇచ్చాను. ఆయన ఊచలు పట్టుకుని మొహం దగ్గరికి తెచ్చాడు. "ఆ పోయినాయన అన్నగారూ నేనూ ఒక్క బూతులోనే ఓటేస్తాంరా. ఆయన మొహం చూసే ముఖం నాకు లేదు. ఊళ్ళో ఇంక ఎవరి గుమ్మమూ ఎక్కలేను. ఆ వరసలోంచి మాత్రం నన్ను పొమ్మనే హక్కు ఎవరికీ లేదు కదా? పగలు, అందరి ఎదురుగా, ఒక్కసారి అక్కడ నిలబడి ఓటేస్తే మళ్ళీ మనిషినైనట్టే" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా అదే ధ్యాస.

ఆయన విడుదలై వచ్చేసరికి మళ్ళీ ఎన్నికల వేడి. తోటల్లో కోతలు, రోడ్ల మీద మైకులు. వచ్చిన రోజు సాయంత్రమే, "నా నంబరెంతో చూడరా" అన్నాడు. ఫోనులో వెతికాను. లేదు. పిన్ని పేరుంది, ఆయనది లేదు. మర్నాడు మండలాఫీసులో పాత కాగితాలు తీయిస్తే, ఆయన పేరు కొట్టేసి పక్కన 'మరణించారు' అని రాసి ఉంది. ఇంటివారు చెప్పిన ప్రకారం అట. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంటివారంటే ఎవరు? ఆ ఇంట్లో ఉన్నది పిన్ని ఒక్కతే.

అడిగితే పిన్ని నిలువునా నీరైపోయింది. మూడేళ్ళ కిందట ఎవరో కొత్త మనిషి జాబితా పట్టుకొచ్చి మీ ఆయన ఏరమ్మా అని అడిగాడట. "జైల్లో ఉన్నారని పరాయివాడి ముందు నా నోటితో ఎలా అననురా? ఆయన లేరండీ అన్నాను. ఊళ్ళో లేరనేగా దానర్థం!" ఆ మహానుభావుడు ఇంకోలా అర్థం చేసుకున్నాడు. మన భాష ఉంది చూశారూ, ఇంట్లో లేకపోయినా, ఊళ్ళో లేకపోయినా, లోకంలోనే లేకపోయినా అన్నిటికీ ఒక్కటే మాట. ఎదురుగా రూపాయంత బొట్టుతో, మెళ్ళో నల్లపూసలతో ముత్తయిదువ నిలబడి ఉంటే తలెత్తి చూడొద్దూ? తర్వాత నోటీసు కూడా వచ్చింది. సర్కారు కవరు కనబడితే ఇంకేం శిక్ష వేశారోనని భయపడి, పిన్ని దాన్ని విప్పకుండానే దేవుడి పటాల వెనక దోపేసింది. ఆమెని తిట్టడానికి నోరెత్తాను. ఎత్తాక గుర్తొచ్చింది, ఏటేటా జాబితా బయటపెడతారు, నేను ఒక్క ఏడాదీ తిరగేసి చూడలేదు. చట్టం చెప్పినవాణ్ణి నేనే, జాబితా చూడనివాణ్ణీ నేనే.

కొత్తగా పేరు చేర్చుకునే గడువు అప్పటికే దాటిపోయింది. బాబాయి జైలు గేటు దాటడానికి వారం ముందే నామినేషన్లు ముగిశాయి. అయినా ఊరుకోలేక హైకోర్టులో రిట్ వేద్దామన్నాను. తాను బతికే ఉన్నానని బాబాయి ఒక అఫిడవిట్ మీద సంతకం పెట్టాడు. ఇంకొకటి పిన్నిది. నా భర్త జైలులో ఉన్నందున నేను అలా చెప్పితిని అని అందులో రాయక తప్పలేదు. చదివి వినిపించాను. ఏ మాట పరాయివాడి ముందు అనలేకపోయిందో ఆ మాట కిందే సంతకం చేసింది. అత్యవసరమని లంచ్ మోషన్ అడిగితే, ఆ మధ్యాహ్నమే విచారణకి వచ్చింది. జడ్జిగారు ఓపిగ్గా విన్నారు, జాలిపడ్డారు కూడా. నామినేషన్ల చివరి రోజు దాటాక జాబితాలో పేరు చేర్చే వీలు చట్టంలో లేదు, ఎన్నికలయ్యాక మళ్ళీ దరఖాస్తు చేసుకోమనండి అన్నారు. పది నిమిషాల్లో కొట్టేశారు. తప్పు పట్టడానికి ఆ ఉత్తర్వులో నాకు ఒక్క అక్షరమూ దొరకలేదు.

పోలింగు రోజు పొద్దున్న ఎంత చెప్పినా ఆగలేదు. తలంటుకున్నాడు, ఇస్త్రీ పంచె కట్టాడు, విడుదల కాగితం జేబులో పెట్టుకుని వరసలో నిలబడ్డాడు. నేనూ పక్కనే నడిచాను. ఆ పోయినాయన అన్నగారు మా వెనక నలుగురి అవతల ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ పలకరించనూ లేదు. టేబుల్ దగ్గర ఉన్న అబ్బాయి జాబితా రెండుసార్లు తిరగేసి, "మీ పేరు లేదండీ పెద్దాయనా. పక్కకి జరగండి, వెనక జనం ఉన్నారు" అన్నాడు. బాబాయి కాగితం చూపించాడు. "ఇది మాకు పనికిరాదండీ." బతిమాలాడు. అంత పొగరుమనిషి, చిన్నపిల్లాడి ముందు చేతులు జోడించి "ఒక్క చుక్క సిరా అయినా పెట్టు బాబూ" అన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తిరిగొస్తుంటే వరసలో ఉన్నవాళ్ళందరి చూపూ ఆయన ఎడమచేతి వేలు మీదే పడింది. ఆ అన్నగారు కూడా చూశారు. బాబాయి ఆ చేతిని పంచె కుచ్చెళ్ళలో దాచుకుని నడిచాడు.

ఇంటికొచ్చి వసారాలో కూలబడ్డాడు. "మళ్ళీ ఎప్పుడురా?" అన్నాడు. అయిదేళ్ళకి బాబాయ్, మధ్యలో పంచాయతీ ఎన్నికలున్నాయిలే అన్నాను. అవి ఎప్పుడొస్తాయో నాకే తెలియదు. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, "జైల్లో బుద్ధిగా ఉన్నానని నెలకిన్ని రోజుల చొప్పున తగ్గించి ముందే పంపారు. దీనికి తగ్గింపు ఉండదు కదా?" అని అడిగాడు. ఉండదన్నాను.

ఆ తర్వాత దరఖాస్తు పెట్టించాను. పేరు చేరింది, కొత్త కార్డూ వచ్చింది. మరుసటి వేసవిలో రసాలు కోతకి రాకముందే ఆయన గుండె ఆగిపోయింది. మొన్న ఆ అమ్మాయి ఇచ్చిన ఫారం నేనే నింపి, ఆయన పేరు తీసెయ్యమని సంతకం పెట్టాను. కోర్టు వేసిన ఏడేళ్ళని అయిదేళ్ళలోనే ముగించుకొచ్చిన మా బాబాయి, ఏ కోర్టూ వెయ్యని ఈ అయిదేళ్ళలో ఒక్క ఏడాదే గడపగలిగాడు.