నడుముకు ఆనపబుర్ర

తొంభైల్లో, చింతపల్లి జీపులో నా పక్కన ఒకామె కూర్చుంది. ఈతకు నడుముకు కట్టుకునే ఎండిన ఆనపబుర్రలు ఆమె ఒళ్లో ఉన్నాయి. వ్యాయామం కోసం రోజూ పొద్దున్నే జలాశయంలో దోనె మీద తెడ్డు వేస్తానని ఆమెతో గొప్పగా చెప్పాను.

"బుర్ర కట్టుకుంతావేటి?"

"ఎందుకూ? నాకు ఈత వచ్చు."

"మా ఇంటాయనకీ వచ్చేది బాబూ. దోనె తిరగబడి తలకి కొట్టేసినాది. తెలివి తప్పినోడికి ఈతేటి సేత్తాది?"

ఆమె ఒక బుర్ర తీసి అక్కడే నా నడుముకు కట్టింది. జీపులో అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ముడి కింద వేలు దూర్చి చూసి, ఇంకా బిగించింది.

ఇప్పటికీ కయాక్ ఎక్కేముందు లైఫ్ జాకెట్ పట్టీ కిందికి నా వేలు దానంతటదే పోతుంది.