డిమ్మర్ మీద ఎర్ర కాగితం

లూయ్ సౌ హాన్ మలేసియాలోని ఇపో ఊళ్లో ఎన్ని పెళ్లి విందులు చూసిందో ఆమెకే లెక్క తెలియదు. కానీ ఏ పెళ్లి ఆల్బంలోనూ ఆమె కనిపించదు. హాల్లో వెలుతురు తగ్గేటప్పుడు ఆమె పని, మళ్లీ వెలుతురు వచ్చాక ఫొటోలు తీసేవాళ్ల పని. అలా ఇద్దరికీ కుదరలేదు.

అక్కడ పెళ్లి విందులో మొదటి వంటకం ఊరికే వచ్చి బల్ల మీద కూర్చోదు. ముందు దీపాలు నెమ్మదిగా తగ్గాలి. కబుర్లు వాటంతటవే ఆగాలి. అప్పుడు పాట మొదలై, వంటింటి తలుపులు తెరుచుకుని, వడ్డించేవాళ్లు పళ్లాలు భుజానికెత్తుకుని వరసగా రావాలి. అన్నిటికంటే ముందు పళ్లెంలో నిప్పుల మీద కాల్చిన పందిపిల్ల ఉంటుంది. దాని కళ్ల చోట రెండు చిన్న ఎర్ర బల్బులు పెడతారు. అవి మెరవాలంటే హాలు చీకటిగా ఉండాలి. పందిపిల్ల కళ్లు సరిగ్గా మెరవని పెళ్లి గురించి ఊళ్లో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. మంచిగా మాత్రం చెప్పుకోరు.

ఆ చీకటి సౌ హాన్ చేతి పని. వేదిక పక్కన గులాబిరంగు పాలరాతి గోడకు వరసగా, దీపాలను కొద్దికొద్దిగా తగ్గించి పెంచే డిమ్మర్లు ఉండేవి. ఇత్తడి బిళ్లల మీద గుండ్రటి నాబ్‌లు. బడి మానేసి, పద్నాలుగేళ్లకు ఆమె ఆ హాల్లో చేరింది. మొదట గిన్నెల దగ్గర వేశారు. వరసగా పింగాణీ పళ్లాలు పగలగొట్టింది. యజమాని మోక్ ఆమెను తిట్టలేదు, పగలగొట్టడానికి ఏమీ లేని చోటు ఏదా అని హాలంతా చూసి, ఆ గోడ దగ్గర నిలబెట్టాడు. పని కూడా ఆయనే నేర్పాడు.

"దీపం తగ్గుతోందని ఎవరికీ తెలియకూడదమ్మాయ్. చీకటయిందని మాత్రమే తెలియాలి" అన్నాడు.

ఆమెకు అది వెంటనే పట్టుబడింది. ముందు మూల బల్లల మీద దీపాలు, తర్వాత నడవ, చివరికి వేదిక. ఊపిరి బిగపట్టి మొదలుపెడితే, ఊపిరి వదిలేసరికి హాలంతా చీకటి. మనుషులతో మాట్లాడాలంటే నాలుక మడతపడే మనిషికి, ఎవరూ తనవైపు చూడకపోవడమే పనిగా ఉన్న ఉద్యోగం దొరికింది. ఇంక ఆ గోడ వదల్లేదు.

ఆమె పెళ్లి విందు కూడా ఆ హాల్లోనే జరిగింది. పెళ్లికొడుకు కామెరాన్ కొండల నుంచి కూరగాయల లారీ తోలేవాడు. మొదటి వంటకం వేళకు డిమ్మర్ దగ్గర నిలబడ్డ వంటమనిషి నాబ్‌ను కుళాయి తిప్పినట్టు తిప్పడం చూసి, ఆమె ఎర్రటి పెళ్లి బట్టల్లోనే లేచి వెళ్లి అతన్ని పక్కకు జరిపింది. పని పూర్తయ్యాక వచ్చి పెళ్లికొడుకు పక్కన కూర్చుంది. అప్పటికి పందిపిల్లను కోసేశారు.

మోక్ పోయాక ఆయన కూతురు పుయ్ మన్ కౌలాలంపూర్‌లో ఉద్యోగం మానుకుని వచ్చి హాలు చేతిలోకి తీసుకుంది. మంచి పిల్ల, పనిమంతురాలు. ఇప్పటి పెళ్లికూతుళ్లకు ఊదారంగు వెలుతురు కావాలని ఆమెకు తెలుసు. పాత బల్బులన్నీ విప్పించి, ఫోను చెప్పిన మాట వినే స్మార్ట్ బల్బులు పెట్టించింది. ఫోనులో వేలు జరిపితే చాలు, హాలు ఊదా అవుతుంది, గులాబీ అవుతుంది, తగ్గుతుంది, పెరుగుతుంది.

బల్బులు బిగించిన గుణశీలన్ అనే వైరింగ్ అతను వెళ్తూ వెళ్తూ గోడవైపు చూసి, పుయ్ మన్ దగ్గర ఆగాడు.

"చిన్న బాస్, ఆ డిమ్మర్లు తీయించెయ్. వీటికి అవి పడవు."

"ఫుల్లులో పెట్టి వదిలేస్తే?"

"వదిలేస్తే సరే. ఎవరైనా తిప్పితేనే గొడవ. డిమ్మర్ కరెంటును ముక్కలు చేసి పంపిస్తుంది. పాత బల్బు ఎంత పెడితే అంత తినేది. దీని కడుపులో రేడియో ఉంది. సగం ముద్దలు పెడితే ఆ రేడియోకి కళ్లు తిరుగుతాయి. ఆగిపోతుంది, లేస్తుంది, ఆగిపోతుంది, లేస్తుంది. చివరికి నిన్ను కూడా మర్చిపోతుంది."

"అయితే ఇప్పుడే తీసెయ్."

"పాలరాయి కదిలించాలి. సుత్తి పని. రోజూ పెళ్లిళ్లే, ఎప్పుడు తియ్యమంటావ్? ఏడో నెలలో హాలు ఖాళీయే కదా, అప్పుడొస్తా."

ఏడో నెల అనగానే సౌ హాన్ నోరు విప్పింది. చైనా పంచాంగంలో అది ఆత్మలు తిరిగే నెల, అప్పుడు ఆ ఊళ్లో చైనావాళ్లెవరూ పెళ్లిళ్లు పెట్టుకోరు, గోడ పగలగొట్టరు.

"ఏడో నెలలో సుత్తా! వద్దు."

"నాకు ఏడో నెల లేదు ఆంటీ, మా తమిళవాళ్లకు తైపూసం పండగే."

"నీకు లేకపోతే ఏం, గోడకు ఉంది."

కాబట్టి ఎనిమిదో నెలలో చూద్దాం అనుకున్నారు.

మొదటి శనివారమే గొడవ వచ్చింది. పాట మొదలవగానే సౌ హాన్ చెయ్యి ఆమెను అడగకుండా నాబ్ మీదికి వెళ్లింది. పుయ్ మన్ ఫోనులో తగ్గిస్తోంది, సౌ హాన్ గోడ మీద తగ్గిస్తోంది. బల్బులు ఎవరి మాట వినాలో తెలియక కాసేపు కొట్టుకుని, ఒక వరస మొత్తం ఆరిపోయింది. కొన్ని మళ్లీ వెలగనే లేదు.

మర్నాడు పుయ్ మన్ ఆమెను పక్కకు పిలిచింది. కోపంగా ఏమీ లేదు, ఎప్పటిలాగే జే, అంటే అక్కా, అనే మొదలుపెట్టింది.

"హాన్ జే, తప్పు నీది కాదు, నీ చేతిది. కానీ ఇంకోసారి జరిగితే నిన్ను గోడ దగ్గర ఉంచలేను. గుమ్మం దగ్గర వేస్తాను. వచ్చినవాళ్లకు నవ్వుతూ దారి చూపించాలి, అంతే."

ఎవరికైనా అది పదోన్నతి. సౌ హాన్‌కు ఆ రోజు అన్నం సహించలేదు. నవ్వుతూ, అదీ రోజుకు అన్ని వందల మందికి. ఇంటికెళ్లి అద్దం ముందు ప్రయత్నించింది. మొగుడు అటుగా వెళ్తూ, "పన్ను నొప్పా?" అని అడిగాడు.

ఎలాగైనా ఆ డిమ్మర్ల మీద చెయ్యి పడకుండా చూడాలి, తన చెయ్యి కూడా. టేపు అంటించింది, వంటింటి నూనె ఆవిరికి రెండు రోజుల్లో ఊడివచ్చింది. ముట్టుకోవద్దని రాసి పెట్టించింది. అది చదవడానికి దగ్గరికొచ్చినవాళ్లు చదువుతూ చదువుతూ నాబ్ తిప్పి చూశారు. చివరికి ఆమెకే తట్టింది. పెళ్లిళ్లకు తలుపుల మీద అంటించే, సంతోషం అనే చైనా అక్షరం జంటగా రాసిన జంట సంతోషాల ఎర్ర కాగితాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఒక్కో డిమ్మర్ మీద, నాబ్ కప్పబడేట్టు ఒక్కొక్కటి మైదాపిండి జిగురుతో అంటించింది.

పెళ్లి హాల్లో ఆ కాగితం చింపే మనిషి ఇపోలో పుట్టలేదు. సౌ హాన్ చెయ్యి కూడా పాట మొదలవగానే లేచేది, ఎర్ర కాగితం చూసి దిగేది. బల్బులు క్షేమంగా ఉన్నాయి. పుయ్ మన్ ఫోనులో వేలు జరిపేది, హాలు టక్కున చీకటయ్యేది. జనం "అయ్యో, కరెంటు పోయింది" అనేవాళ్లు. సౌ హాన్ గోడకు కాపలా కాసేది.

ఆరో నెల చివర్లో ఒక రోజు మధ్యాహ్నం చావు భోజనం ఒప్పుకున్నారు. శ్మశానం నుంచి తిన్నగా వచ్చి తినేది, ఏడు వంటకాలు. అదే సాయంత్రం పెళ్లి ఉంది. ఆ సంగతి వీళ్లకు చెప్పరు, ఈ సంగతి వాళ్లకు చెప్పరు. మధ్యలో మైల పోయేలా పంపరపనస ఆకులు వేసిన నీళ్లు హాలంతా చల్లుతారు, సరిపోతుంది. కానీ చావు భోజనం దగ్గర జంట సంతోషాల కాగితం ఉండకూడదు. సౌ హాన్ పొద్దున్నే వేడినీళ్ల గుడ్డతో ఒక్కొక్కటే చిరగకుండా ఊడదీసింది. ఇత్తడి నాబ్‌లు చాలా రోజుల తర్వాత గాలి పీల్చుకున్నాయి.

పుయ్ మన్ ఫోను పట్టుకుని, సాయంత్రం పెళ్లికి పూలు కొనడానికి బజారుకు వెళ్లింది. భోజనాలు మొదలయ్యాయి. చనిపోయినాయన భార్య తెల్లచొక్కాతో ముందు బల్ల దగ్గర కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. పక్కనున్న ముసలావిడ, ఆమె అక్క, సౌ హాన్‌ను పిలిచింది.

"ఆ మోయ్, ఇదేం వెలుతురే? ఆపరేషన్ గదిలో కూర్చోబెట్టినట్టుంది. తగ్గించు."

అరవైకి దగ్గరపడ్డ సౌ హాన్‌ను ఎవరైనా అలా అమ్మాయీ అని పిలిచి చాలాకాలమైంది. "కాసేపు ఆగండి ఆంటీ" అని పుయ్ మన్‌కు ఫోను చేసింది. మోగుతోంది, తీయడంలేదు. మళ్లీ చేసింది.

"ఆగమంటే, మా చెల్లెలి కళ్లు ఆగుతాయా?" అంది ముసలావిడ.

చెల్లెలు ఒక చేత్తో కళ్లకు నీడ పెట్టుకుని, రెండో చేత్తో గిన్నెలో అన్నం కెలుకుతోంది.

సౌ హాన్ గోడవైపు చూసింది. గుమ్మం గుర్తొచ్చింది. మళ్లీ ఆ చేతి నీడవైపు చూసింది. వెళ్లి వేదిక ముందు వరస నాబ్‌ను కొద్దిగా, చాలా కొద్దిగా తిప్పింది. ఈసారి చెయ్యి దానంతటది వెళ్లలేదు, ఆమే తీసుకెళ్లింది.

వెలుతురు మెత్తగా తగ్గింది. ఆ తల్లి కళ్ల మీది చెయ్యి తీసేసింది. నాలుగు ముద్దలు కూడా తింది. తర్వాత పైనుంచి తుమ్మెద తిరుగుతున్నట్టు చప్పుడు మొదలైంది. బల్బులు ఒకసారి రెప్పలు కొట్టాయి, మళ్లీ కొట్టాయి. సౌ హాన్ పరుగున వచ్చి నాబ్‌ను ఫుల్లుకు తిప్పేసరికే ఆలస్యమైంది. వరస మొత్తం ఊదా, ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో మినుకుమినుకుమంటూ, ఆవిరి చేప మీదా, తెల్లచొక్కాల మీదా, విధవరాలి మొహం మీదా ఆడసాగింది.

హాలంతా తినే చేతులు ఆగిపోయాయి. ఒకాయన మాత్రం చేప చల్లారిపోతుందని తింటూనే ఉన్నాడు.

విధవరాలు తలెత్తి పైకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఆయనే" అంది చివరికి. "ఎక్కడికెళ్లినా రంగు దీపాలు, కరియోకే పాటలు కావాలనేవాడు."

ముసలావిడ ముందు నవ్వింది. తర్వాత బల్లంతా నవ్వు, ఏడుపు కలిసిపోయాయి. సౌ హాన్ మెయిన్ స్విచ్ ఆపేసి, కిటికీ తెరలు లాగి, మిగిలిన వంటకాలు పగటి వెలుతురులో పెట్టించింది.

పుయ్ మన్ పూలతో వచ్చేసరికి ఆ వరస ఫోనును గుర్తుపట్టడంలేదు. కబురందుకుని వచ్చిన గుణశీలన్ నిచ్చెన దిగి చేతులు దులుపుకున్నాడు.

"కొన్ని పోయాయి. మిగతావి నిన్ను మర్చిపోయాయి. ఒక్కొక్కదానికీ మళ్లీ పరిచయం చెయ్యాలి. సాయంత్రానికి కాదు."

"ఎవరు తిప్పారు?" అంది పుయ్ మన్.

"నేనే" అంది సౌ హాన్. "చేతిది కాదు తప్పు. నాదే. ఆవిడ కళ్లకు గుచ్చుకుంటోంది."

పుయ్ మన్ పూలు బల్ల మీద పెట్టింది. "పెళ్లి వాళ్లు ఏడింటికి వస్తారు" అని మాత్రం అంది.

మోక్ ఏదీ పారేయనివాడు. స్టోరు గదిలో ఆయన దాచిన పాత బల్బులు అట్టపెట్టెల్లో ఉన్నాయి. హాలంతా వాటినే బిగించారు. పంపరపనస నీళ్లు చల్లారు. సాయంత్రం పాటకు ముందు పుయ్ మన్ చేతిలో ఫోను ఉంది, కానీ దానితో చేసే పని లేదు. గోడవైపు గడ్డం ఊపింది. సౌ హాన్ ఊపిరి బిగపట్టింది. మూలలు, నడవ, వేదిక. ఎవరూ కరెంటు పోయిందనలేదు. పందిపిల్ల రెండు కళ్లతో ఎర్రగా చూస్తూ వచ్చింది. నడవలో ఒక పాత బల్బు టప్పున పగిలింది, అదీ పాటలో భాగమే అనుకున్నారు.

మర్నాడు పుయ్ మన్ ఆమెకు టీ తెచ్చి ఇచ్చింది.

"నిన్న బాగుంది హాన్ జే. నేనెప్పుడూ ఫోను చూస్తుంటాను కదా, హాలు చూడలేదు. కానీ పెళ్లికూతురు ఊదా ఏదని అడిగింది. డిమ్మర్లు తీయించక తప్పదు."

సౌ హాన్ టీ కప్పు పట్టుకుని నిలబడింది. ఆ హాల్లో ఇన్నేళ్లలో తనకోసం ఏదీ అడిగింది లేదు.

"తీయించు. నన్ను మాత్రం గుమ్మం దగ్గర పెట్టకు."

"మరి ఫోను పట్టుకుంటావా?"

పట్టుకుంది. ఇన్నేళ్లు పగటిపూట హాలు తొడుగులు ఉతికిన సబ్బునీళ్లకు అరిగిపోయిన ఆమె వేళ్లను ఫోను మనిషి వేళ్లుగా ఒప్పుకోలేదు. ఎంత జరిపినా హాలు కదల్లేదు. పుయ్ మన్ ఫోను వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. ఏడో నెలంతా హాలు బోసిపోయి ఉంది. తనను ఎక్కడ వేస్తారో తెలియక సౌ హాన్ రోజూ వచ్చి కుర్చీల తొడుగులు ఉతికింది.

ఎనిమిదో నెల మొదట్లో గుణశీలన్ వచ్చి డిమ్మర్లు పీకేసి, వైర్లు నేరుగా కలిపేసి, పైన ఖాళీ బిళ్లలు బిగించాడు. ఇక ఎవరు ఏం తిప్పినా బల్బులకు ముప్పు లేదు, తిప్పడానికే ఏమీ లేదు. తర్వాత సంచిలోంచి తెల్లటి గుండ్రటి నాబ్ ఒకటి తీసి, ఆ బిళ్లల్లో ఒకదాని మీద అంటించాడు.

"వైరు లేదు ఆంటీ, లోపల చిన్న బ్యాటరీ అంతే. ఇది కరెంటును ముట్టుకోదు. తగ్గమని బల్బులకు కబురు పంపుతుంది. చిన్న బాస్ తెప్పించింది, నాలుగు దుకాణాలు తిరిగి."

సౌ హాన్ తిప్పి చూసింది. మరీ తేలిగ్గా ఉంది, సీసా మూతలాగా. ఆమె తిప్పింది, అరక్షణం ఏమీ కాలేదు. తర్వాత హాలు తగ్గింది.

"ఆలస్యంగా వింటోంది."

"కబురు వెళ్లాలి కదా ఆంటీ."

ఆ శనివారం పెళ్లిలో ఆమె పాట కోసం ఆగలేదు. వంటింటి తలుపు సందులోంచి చూస్తూ, వడ్డించేవాళ్లు పళ్లాలకింద చేతులు పెట్టగానే తిప్పడం మొదలుపెట్టింది. చీకటి సరిగ్గా పాటతోపాటు వచ్చింది. ఊదారంగు చీకటి. ఆమెకు ఆ రంగు అంతగా నచ్చలేదు.